దించిన జెండాలు, దిగని భారాలు
అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఒక వేసవి

అట్లాంటా నగర శివారులోని ఒక కాలనీలో నా తమ్ముని కుమారుడు నివసిస్తున్నాడు. కర్నూలులో పుట్టి, హైదరాబాదులో చదివి, పద్నాలుగేళ్ళ క్రితం ఉద్యోగరీత్యా జార్జియా రాష్ట్రం చేరుకున్నాడు. గత వేసవిలో అతని పిలుపు మీద నేను అక్కడ నెల రోజులు గడిపాను. హజ్ యాత్ర తప్ప వేరే విదేశీయానం ఎరుగని నాకు, ప్రహరీ గోడలు లేని ఆ ఇళ్ళూ, మనుషులు కనిపించని ఆ వీధులూ మొదట వింతగా తోచాయి.

వెళ్ళిన మూడవనాడు పదేళ్ళ మనవరాలు నా చేయి పట్టుకొని కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళింది. పొరుగింటి ముంగిట ఒక పాత ట్రక్కు ఆగి ఉంది. దాని వెనుక కర్రకు ఒక చిన్న జెండా కట్టి ఉంది. ఎర్రని నేల మీద ఏటవాలుగా నీలి శిలువ, దాని మీద తెల్లని నక్షత్రాలు.

"బడే దాదా, ఆ జెండా ఏ దేశానిది?" అని అడిగింది.

కోడలు వంటగది నుంచి అసలు సంగతి చెప్పింది. పాప తరగతిలోనే చదివే ఒక నల్లజాతి బాలిక ఒక శనివారం ఆడుకోవడానికి వచ్చిందట. దింపడానికి వచ్చిన తల్లి ఆ ట్రక్కును చూసి, కారు దిగకుండానే ఏదో పని చెప్పి, బిడ్డను వెనక్కి తీసుకుపోయింది. తర్వాత ఆ పిల్ల మరి రాలేదు. తాను ఏదో తప్పు చేశానని మా పాప బెంగ పెట్టుకుంది.

"ఆ పెద్దాయన చెడ్డవాడు కాడు బడే అబ్బా! తుఫానులో రెండు రోజులు కరెంటు పోతే, తన జనరేటరు నుంచి తీగ లాగి మా ఫ్రిజ్ నడిపించాడు. అలాంటి మనిషితో ఏమని చెప్పగలం?" అన్నది కోడలు. కుమారుడు మాత్రం, "మనం బయటినుంచి వచ్చినవాళ్ళం. వాళ్ళ పాత తగాదాలు మనకెందుకు?" అని మాట తప్పించాడు.

నేను పాపకు వెంటనే సమాధానం చెప్పలేదు. తెలియని విషయంలో తీర్పు చెప్పరాదన్నది మా ఉస్తాదులు మాకు నేర్పిన మొదటి పాఠం. ఒక మాట చెవిన పడితే, దాన్ని ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ సందర్భంలో చెప్పారు అని విచారించనిదే మా విద్యలో దాన్ని స్వీకరించరు. జెండా కూడా ఒక మాటే కదా! కుమారునికి వారం రోజుల సెలవు ఉంది. ఆ జెండా పుట్టిన నేలను చూపించమని అడిగాను.

మొదట చూసినది అట్లాంటాకు సమీపంలోని స్టోన్ మౌంటెన్. అది చెట్టూ చేమా లేని బ్రహ్మాండమైన రాతి కొండ. మనవారు సెలవు దినాలలో పిల్లలతో కలిసి, భోజనాలు కట్టుకొని అక్కడికి పోతుంటారు. ఆ కొండ పార్శ్వాన ముగ్గురు ఆశ్వికుల శిల్పం చెక్కి ఉంది. 90 అడుగుల ఎత్తు, 190 అడుగుల వెడల్పు. ఒకరు జెఫర్సన్ డేవిస్, మిగిలిన ఇద్దరు రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్ అనే సేనానులు. 1861లో అమెరికా నుంచి విడిపోయి 'కాన్ఫెడరసీ' అనే వేరు దేశాన్ని ప్రకటించుకున్న దక్షిణ రాష్ట్రాలకు డేవిస్ అధ్యక్షుడు.

ఎందుకు విడిపోయారు? ఈ ప్రశ్నకు నేటికీ అక్కడ రెండు సమాధానాలు వినిపిస్తాయి. రాష్ట్రాల హక్కుల కోసమని కొందరంటారు. కానీ ఆ దేశ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో సవానా నగరంలో చేసిన ప్రసంగంలో దాపరికం లేదు. నల్లవారు తెల్లవారితో సమానులు కారన్నదీ, బానిసత్వమే వారి సహజస్థితి అన్నదీ తమ కొత్త ప్రభుత్వానికి మూలరాయి అని ఆయన బహిరంగంగా ప్రకటించాడు. అప్పటికి అమెరికాలో బానిసలు దాదాపు 40 లక్షల మంది. నాలుగేళ్ళ యుద్ధంలో ఆరు లక్షలకు పైగా సైనికులు మరణించారు. 1865లో కాన్ఫెడరసీ ఓడిపోయింది. అదే సంవత్సరాంతాన బానిసత్వం రాజ్యాంగపరంగా రద్దయింది.

పొరుగాయన ట్రక్కు మీద ఉన్నది ఆ దేశపు జాతీయ జెండా కాదు, యుద్ధరంగంలో సైన్యం పట్టుకున్న జెండా. యుద్ధం ముగిసి తరాలు గడిచాక అది ప్రభుత్వ భవనాల మీదికీ, రాష్ట్రాల పతాకాలలోనికీ ఎక్కింది. ఎప్పుడెప్పుడు ఎక్కిందో తెలుసుకుంటే ఎందుకు ఎక్కిందో దానంతట అదే బోధపడుతుంది.

మిసిసిప్పీ రాష్ట్రం 1890లో నల్లవారి ఓటుహక్కును ఊడబెరికే రాజ్యాంగాన్ని రాసుకున్నది. నాలుగేళ్ళకే, 1894లో, తన పతాకం మూలన ఈ యుద్ధచిహ్నాన్ని చేర్చుకుంది. పాఠశాలల్లో నల్ల, తెల్ల పిల్లలను విడదీయరాదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది 1954లో. రెండేళ్ళకు, 1956లో, జార్జియా తన పతాకంలో మూడింట రెండు వంతులు ఈ చిహ్నంతో నింపింది. దక్షిణ కరోలినా తన శాసనసభా భవనం మీద ఈ జెండాను ఎగురవేసినది 1960 దశకపు ఆరంభంలో. పేరుకు అది యుద్ధ శతజయంతి, ఊరిలో జరుగుతున్నది మాత్రం పౌరహక్కుల పోరాటం. అలబామా గవర్నర్ జార్జి వాలెస్ 1963 ఏప్రిల్‌లో దీన్ని తన రాజధాని గుమ్మటం మీద ఎత్తించాడు. కేంద్ర ప్రభుత్వ న్యాయశాఖాధిపతి రాబర్ట్ కెనెడీ విద్యాలయాలలో వర్ణవిభజన గురించి మాట్లాడటానికి ఆయన దగ్గరకు వచ్చిన రోజది. పితృభక్తి మాత్రమే కారణమైతే, నల్లవారు ఒక మెట్టు ఎక్కబోయిన ప్రతిసారీ ఈ జెండా ఒక మెట్టు పైకి ఎందుకు ఎక్కింది?

జార్జియా రాజధాని భవనం బంగారు గుమ్మటంతో మెరుస్తూ ఉంటుంది. అక్కడ నిలబడి కుమారుడు ఇద్దరు నాయకుల కథ చెప్పాడు. గవర్నర్ జెల్ మిల్లర్ 1990 దశకపు తొలి సంవత్సరాలలో, అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందే పతాకం మార్చాలని యత్నించి, శాసనసభ కలిసిరాక వెనక్కి తగ్గాడు. 2001లో గవర్నర్ రాయ్ బార్న్స్ పట్టుదలతో మార్పించాడు. మరుసటి ఏడాది ఎన్నికలలో ఓడిపోయాడు. ఆయన్ను ఓడించిన సన్నీ పెర్డ్యూ, జెండా విషయం ప్రజల ఓటుకే వదులుతానని వాగ్దానం చేసినవాడు. 2004లో ఓటింగు జరిగింది. అయితే అందులో 1956 నాటి జెండాకు చోటు లేదు. 2001 జెండా, 2003లో తయారైన మరొక జెండా, ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమన్నారు. ప్రజలు 2003 నాటిదాన్ని ఎంచుకున్నారు.

నేను తలెత్తి ఆ జెండాను చూశాను. ఎరుపు, తెలుపు, ఎరుపు పట్టీలు, మూలన నీలి చతురస్రం, అందులో నక్షత్రాల వలయం. చూడటానికి సాధువైన జెండా. కానీ అది కాన్ఫెడరసీ వారి మొట్టమొదటి జాతీయ పతాకానికి దగ్గరి బంధువు. అందరూ గుర్తుపట్టే చిహ్నం పోయింది, ఎవరూ గుర్తుపట్టని చిహ్నం నిలిచింది! రాజకీయాలలో రాజీ అంటే ఇదే కాబోలుననుకున్నాను.

మరునాడు దక్షిణ కరోలినా రాజధాని కొలంబియా చేరుకున్నాము. శాసనసభా భవనం రాతి గోడల మీద అక్కడక్కడ కంచు నక్షత్రాలు బిగించి ఉన్నాయి. 1865లో ఉత్తర సైన్యపు ఫిరంగి గుండ్లు తగిలిన చోట్లవి. దెబ్బను కూడా అలంకరించి దాచుకునే నేల అది.

ఇక్కడ డేవిడ్ బీస్లీ అనే గవర్నర్ ఉండేవాడు. జెండాను ముట్టుకోనని ఎన్నికలలో చెప్పి, 1996లో మనసు మార్చుకొని, గుమ్మటం మీద నుంచి దించుదామన్నాడు. 1998లో పదవి పోగొట్టుకున్నాడు. తర్వాత నల్లవారి సంఘాలు రాష్ట్రాన్ని బహిష్కరించాయి. 2000 జనవరిలో వేలాదిమంది రాజధానిలో ఊరేగారు. ఆ ఏడాది జూలైలో ఒక రాజీ కుదిరింది. జెండాను గుమ్మటం మీద నుంచి దించి, అదే ఆవరణలో ముఖద్వారం ఎదుట, సైనిక స్మారకం పక్కన నిలిపారు. పైనుంచి కిందికి వచ్చింది కానీ, దారిన పోయేవారికి మునుపటికంటే బాగా కనపడసాగింది.

పదిహేనేళ్ళు అలా గడిచాయి. 2015 జూన్ 17 రాత్రి చార్లెస్టన్ నగరంలోని ఇమాన్యుయేల్ చర్చిలో గ్రంథపఠనానికి కూర్చున్న తొమ్మిదిమంది నల్లవారిని ఒక తెల్ల యువకుడు కాల్చి చంపాడు. వారు ఆ అపరిచితుణ్ణి ఆదరించి తమ మధ్య కూర్చోబెట్టుకున్నారు. మృతులలో ఆ చర్చి గురువు, రాష్ట్ర సెనేటు సభ్యుడు క్లెమెంటా పింక్నీ ఒకరు. హంతకుడు ఈ జెండా పట్టుకొని దిగిన ఫొటోలు బయటపడ్డాయి. సంతాపసూచకంగా రాజధానిలో దేశపు జెండానూ, రాష్ట్రపు జెండానూ సగానికి దించారు. కాన్ఫెడరేట్ జెండా మాత్రం పూర్తి ఎత్తున ఎగురుతూనే ఉండిపోయింది. దాన్ని కదిలించాలంటే శాసనసభ అనుమతి కావాలని 2000 నాటి చట్టం!

అప్పటి గవర్నర్ నిక్కీ హేలీ. పంజాబు నుంచి వలసవెళ్ళిన సిక్కు దంపతుల కుమార్తె. అంతవరకు జెండా జోలికి పోని ఆమె, హత్యలు జరిగిన ఐదవనాడు దాన్ని తొలగించాలని పిలుపునిచ్చింది. జూన్ 27న బ్రీ న్యూసమ్ అనే నల్లజాతి యువతి శాసనసభ కోసం ఆగక, తానే స్తంభమెక్కి జెండా విప్పుకొని దిగింది. పోలీసులు ఆమెను నిర్బంధించి, జెండాను మళ్ళీ ఎగురవేశారు. చివరకు ప్రతినిధుల సభ 94–20 ఓట్లతో ఆమోదించగా, జూలై 10న జెండా దిగింది. కొన్నేళ్ళ తరువాత ఇదే హేలీ, ఎందరో ఆ జెండాలో త్యాగాన్నీ వారసత్వాన్నీ చూసేవారని, హంతకుడు దాన్ని అపహరించాడని అన్నారు. 2023 డిసెంబరులో అంతర్యుద్ధానికి కారణమేమిటని ఒక సభలో అడిగినప్పుడు బానిసత్వం పేరెత్తలేదు. విమర్శలు రాగా మరునాడు, బానిసత్వమే కారణమని ఒప్పుకున్నారు. జెండాను దించగలిగిన చేతికి సైతం ఆ ఒక్క మాట పలకడం ఎంత కష్టమైందో!

ఇప్పుడు ఆ స్థలంలో స్తంభం లేదు. పచ్చగడ్డి ఉంది. మా పాప అక్కడ కాసేపు పరుగెత్తింది.

చార్లెస్టన్‌లో ఇమాన్యుయేల్ చర్చి తెల్లగా, పొడవైన శిఖరంతో ఉంది. అది ఉన్న వీధి పేరు కాల్హూన్ వీధి. బానిసత్వాన్ని సమర్థించడంలో పేరుమోసిన రాజకీయవేత్త పేరది. ఆ చర్చి పాత భక్తులు ఎవరి ఏలుబడిలో నడిచారో చెప్పడానికి వేరే శిలాశాసనం అక్కరలేదు.

ఈ నగరపు రేవులోనే 1807లో ఉమర్ బిన్ సయీద్ అనే పండితుణ్ణి బానిసగా దించారు. నేటి సెనెగల్ ప్రాంతంలోని ఫూటా తోరో ఆయన స్వస్థలం. ఇరవై అయిదేళ్ళు విద్యాభ్యాసం చేసినవాడు. యజమాని క్రూరత్వం భరించలేక ఉత్తర కరోలినాకు పారిపోయి పట్టుబడ్డాడు. చెరసాలలో గోడల మీద అరబీలో రాయసాగాడు. 1831లో తన జీవితకథను అరబీలోనే రాశాడు. దాని ప్రతి ఇప్పుడు అమెరికా జాతీయ గ్రంథాలయంలో ఉంది, కంప్యూటరులో ఎవరైనా చూడవచ్చు.

ఆ రాత్రి బసలో కుమారుడు ఆ పుటలు తెరిచి నా ముందుంచాడు. ముప్పయ్యేళ్ళుగా విద్యార్థుల అరబీ రాతపుస్తకాలు దిద్దిన కళ్ళు నావి. అక్షరాలు పశ్చిమాఫ్రికా మదరసాల శైలిలో ఉన్నాయి. రచన 'సూరె ముల్క్'తో ఆరంభమవుతుంది. ముల్క్ అంటే ఆధిపత్యం, యాజమాన్యం. ఒక మనిషి తనను కొన్న యజమానుల ఇంట కూర్చొని, సర్వాధిపత్యం ఎవరి చేతిలో ఉందో చెప్పే అధ్యాయంతో తన కథ మొదలుపెట్టాడు! తన భాషనూ, అరబీనీ చాలావరకు మరచిపోయానని, తప్పులుంటే మన్నించమని కోరాడు. అంతర్యుద్ధం ముగియకముందే బానిసగానే కన్నుమూశాడు. ఎర్రసిరా పెట్టి దిద్దే అలవాటున్న నా చేయి ఆ రాత్రి ముడుచుకుపోయింది. పాత తగాదా మనకెందుకన్న కుమారుడు కూడా చాలాసేపు ఆ తెర ముందు నుంచి లేవలేదు.

అక్కడినుంచి వెనుదిరిగి అలబామా రాజధాని మాంట్‌గోమరీ మీదుగా మిసిసిప్పీ వెళ్ళాము. మాంట్‌గోమరీ శాసనసభ మెట్ల పైన, 1861లో డేవిస్ ప్రమాణస్వీకారం చేసిన చోట ఒక నక్షత్రం పొదిగి ఉంది. ఆ మెట్ల మీద నుంచి చూస్తే కూతవేటు దూరంలో మార్టిన్ లూథర్ కింగ్ గురువుగా పనిచేసిన చర్చి. 1965 మార్చిలో సెల్మా నుంచి కాలినడకన వచ్చిన ఓటుహక్కు యాత్ర ముగిసినదీ ఈ మెట్ల ముందే. 2015లో గవర్నర్ రాబర్ట్ బెంట్లీ ఆవరణలోని నాలుగు కాన్ఫెడరేట్ జెండాలను చడీచప్పుడు లేకుండా తీయించాడు.

మిసిసిప్పీ రాజధాని జాక్సన్. ఈ రాష్ట్రంలో ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు నల్లవారు. 2000లో విచారణ సంఘానికి అధ్యక్షత వహించిన మాజీ గవర్నర్ విలియం వింటర్ కొత్త జెండా సూచించారు. 2001 ఏప్రిల్‌లో ప్రజల ఓటింగు పెడితే, సుమారు 64 శాతం పాత జెండానే కోరారు. "ప్రజలే నిర్ణయించారు" అన్న మాట నాయకులకు పందొమ్మిదేళ్ళు గొడుగుగా పనికివచ్చింది. చార్లెస్టన్ హత్యల తర్వాత స్పీకర్ ఫిలిప్ గన్ తన మతవిశ్వాసాన్ని కారణంగా చూపి, జెండా మారాలన్నాడు. సొంత పార్టీయే కదలలేదు.

2020 మే నెలలో జార్జి ఫ్లాయిడ్ మరణంతో దేశమంతా అట్టుడికింది. క్రీడాసంస్థలు పోటీలు జరపబోమన్నాయి. వ్యాపారసంస్థలు, రాష్ట్ర బాప్టిస్టు సంఘం మార్పు కోరాయి. జూన్ 28న ప్రతినిధుల సభ 91–23, సెనేటు 37–14 ఓట్లతో పాత జెండాను రద్దుచేశాయి. ప్రజల ఓటింగు లేకుండా మార్చరాదని వాదిస్తూ వచ్చిన గవర్నర్ టేట్ రీవ్స్ రెండు రోజుల్లో సంతకం చేశాడు. ఆ నవంబరులో మాగ్నోలియా పువ్వు ఉన్న కొత్త జెండాకు ప్రజలు 70 శాతానికి పైగా ఓటు వేశారు. వింటర్ ఆ ఫలితం చూసి, డిసెంబరులో మరణించారు. పాత జెండా ఇప్పుడు మ్యూజియంలో ఉంది.

ఆ ఇరవై ఏళ్ళలో ప్రజలు మారారా, నాయకులు మారారా? రెండూ కొంత నిజమే. కానీ బార్న్స్, బీస్లీలు ముందు నడిచి పదవులు పోగొట్టుకున్నారు. తక్కినవారు రక్తం చిందాకనో, రాబడి పోతుందన్న భయం కలిగాకనో కదిలారు. ఇప్పటికీ అలబామా, మిసిసిప్పీలలో కాన్ఫెడరేట్ సైనికుల స్మారకదినం ప్రభుత్వ సెలవే. ఆర్కాన్సా జెండాలో ఒక నక్షత్రం కాన్ఫెడరసీ పేరిటే ఉంది.

ఇంటికి చేరిన సాయంత్రం, కోడలు చేసిన ఖీర్ గిన్నె పట్టుకొని పొరుగాయన దగ్గరకు వెళ్ళాను. కుమారుడు దుబాసీగా వచ్చాడు, ఇష్టం లేకుండానే. పెద్దాయన వరండాలో కుర్చీలు వేశాడు. ట్రక్కు మీది జెండా గురించి అడిగాను. తన ముత్తాత తండ్రి పందొమ్మిదేళ్ళ ప్రాయంలో విక్స్‌బర్గ్ ముట్టడిలో చనిపోయాడని, పేద రైతని, ఒక్క బానిస కూడా ఆయనకు లేడని చెప్పాడు. ఆ కుర్రవాని సమాధి ఎక్కడుందో కూడా తెలియదన్నాడు. ఆయన గొంతు వణికింది. అందులో కపటం లేదు.

నేను ఒక్కటే చెప్పాను. "మీ దుఃఖం నాకు అర్థమైంది. అయితే మా మనవరాలి స్నేహితురాలు ఒకతె ఆ జెండాను చూసి మా ఇంటికి రావడం మానుకుంది. ఆమె పెద్దలు ఈ నేల మీద అమ్ముడుపోయినవారు. వారి సమాధులు కూడా ఎక్కడున్నాయో తెలియదు."

ఇది అనువదించడానికి కుమారుడు చాలాసేపు తటపటాయించాడు. తర్వాత తలవంచుకొని, మెల్లగా, పూర్తిగా చెప్పాడు. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. "నేను ఎవరినీ ఉద్దేశించి పెట్టలేదు" అన్నాడు చివరికి.

"ఆ సంగతి మాకు తెలుసు. మీ జనరేటరు తీగ మాకు తెలుసు. కానీ దారిన పోయేవారికి జెండా కనిపిస్తుంది, మీ మనసు కనిపించదు" అన్నాను. ఆయన ఖీర్ గిన్నె రెండు చేతులతో పట్టుకొని లోపలికి వెళ్ళిపోయాడు.

తిరిగి వస్తూ కుమారుడు, "పద్నాలుగేళ్ళుగా ఈ మాట నా నోటికి రాలేదు బడే అబ్బా" అన్నాడు.

శనివారం కోడలు ఆ బాలిక తల్లికి ఫోన్ చేసింది. ఆ ఉదయం కిటికీలోంచి చూస్తే పొరుగింటి ముంగిలి ఖాళీగా ఉంది. ట్రక్కు ఇంటి వెనుక చెట్ల చాటున నిలిచి ఉంది. జెండా దాని మీద అలాగే ఉంది.

"తీసేశాడా బడే దాదా?" అని పాప అడిగింది.

"లేదు తల్లీ, పక్కకు పెట్టాడు" అన్నాను. కొలంబియాలోని ఆ పదిహేనేళ్ళ రాజీ నాకు గుర్తుకు వచ్చింది. ఇది చాలదు. కానీ ఇది ఏ శాసనసభా చేయమంటే చేసినది కాదు.

ఆమె మొదటినాడు అడిగిన ప్రశ్నకు అప్పుడు సమాధానం చెప్పాను. అది ఏ దేశానిదీ కాదు. మనిషి మనిషిని సొంతం చేసుకోవచ్చని నమ్మి, ఓడిపోయిన ఒక దేశానిది. దాని కింద చనిపోయిన పేదవాళ్ళ కోసం ఏడ్చేవాళ్ళున్నారు. దాన్ని చూసి భయపడేవాళ్ళున్నారు. నీ స్నేహితురాలు వచ్చినప్పుడు తలుపు నువ్వే తీయి, వీధిలోకి ఎదురువెళ్ళి తీసుకురా.

పదకొండు గంటలకు ఒక కారు వీధి మలుపులో కాసేపు ఆగింది. తర్వాత నెమ్మదిగా మా ఇంటివైపు వచ్చింది. పాప చెప్పులు వేసుకోకుండానే పరుగెత్తింది.